తెర ఉన్నా ఫర్వాలేదు, అవతల మనిషి ఉండాలి

మొన్నొక గృహప్రవేశంలో భోజనాలయ్యాక మాటలు మెడికల్ సీట్ల మీదికి మళ్లాయి. డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు పదిమంది చేరితే ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు తేదీలు అయిపోయాక వచ్చే మూడో టాపిక్ అదే. ఇక్కడ డిగ్రీ అయ్యాక, ఇంటర్వ్యూ చేసి మెడికల్ కాలేజీలో సీటిస్తారు; కోవిడ్ నుంచి ఆ ఇంటర్వ్యూలు చాలాచోట్ల జూమ్‌లోకి వచ్చాయి. గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, ముప్ఫై ఏళ్లుగా ఇక్కడ ప్రాక్టీస్ చేస్తున్న ఒక పెద్దాయన అందుకున్నారు. "జూమ్‌లో చూసి సీటివ్వడమేంటమ్మా? మనిషి తలుపు తీసుకుని లోపలికొచ్చి కూర్చునే తీరులోనే సగం తెలిసిపోతుంది. కోవిడ్ పోయి ఎన్నాళ్లయింది, ఇంకా ఈ కంప్యూటర్ తతంగం దేనికి?" చుట్టూ ఉన్న తలలన్నీ ఊగాయి. ఈ ఏడాదే పిల్లల చేత అప్లై చేయిస్తున్న తల్లిదండ్రులు కూడా ఊపారు.

మా అమ్మాయి ఈ మధ్యే ఆ తంతంతా దాటి బయటపడింది. ఏడాదిపాటు పక్కనుండి చూశాను కాబట్టి నాకూ ఒక అభిప్రాయం ఉంది. చేతిలో డబుల్ కా మీఠా గిన్నె పెట్టుకుని, పెద్దాయనతో అంత పొడుగు వాదన పెట్టుకోలేక ఊరుకున్నాను. ఇక్కడైతే అడ్డుకునేవాళ్లు లేరు.

ముందే చెప్పేస్తాను. ఇంటర్వ్యూలు జూమ్‌లో ఉండాల్సిందే, వెనక్కి తిప్పకూడదు. ఎత్తేయాల్సింది ఇంకొకటుంది. అవతల ఎవరూ లేకుండా, తెర మీద ప్రశ్న చూపించి, జవాబు కెమెరాకి చెప్పించుకుని రికార్డు చేసుకునే పద్ధతి. ఈ రెంటినీ జనం "ఆన్‌లైన్ ఇంటర్వ్యూ" అని ఒకే గాట కట్టేస్తున్నారు. తిట్లేమో మొదటిదానికి పడుతున్నాయి, రెండోది చాప కింద నీరులా పాకుతోంది.

నడకలో ఏం తెలుస్తుంది

"చూడగానే తెలిసిపోతుంది" అన్న మాటకు జవాబు మన టెక్సాస్‌లోనే, చాలా ఏళ్ల కిందటే దొరికింది. 1979లో రాష్ట్ర శాసనసభ హ్యూస్టన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్ మెడికల్ స్కూల్‌ని సీట్లు 150 నుంచి 200కి పెంచమంది. అప్పటికే ఇంటర్వ్యూలు అయిపోయాయి, కావలసినవాళ్లని తీసేసుకున్నారు. కొత్తగా వచ్చిన 50 సీట్లకి దొరికింది ఇంటర్వ్యూ చేసి వద్దనుకున్నవాళ్లే, అదీ జాబితాలో బాగా అడుగున ఉన్నవాళ్లు. చాలామందికి ఇంకే కాలేజీలోనూ సీటు రాలేదు. సరే అని వాళ్లనే చేర్చుకున్నారు. తర్వాత రెండు గుంపులనీ పోల్చి చూశారు. క్లాసు చదువు, ఆసుపత్రి పని, పట్టా వచ్చాక తొలి ఏడాది శిక్షణ, ఎందులోనూ చెప్పుకోదగ్గ తేడా లేదు. పైగా ఆ రెండు గుంపులకీ మొదట్లో ఉన్న తేడా ఎక్కువభాగం మార్కుల వల్ల వచ్చింది కాదు, ఇంటర్వ్యూ చేసినవాళ్ల అభిప్రాయం వల్ల వచ్చింది. 1987లో జామా అనే వైద్య పత్రికలో అచ్చయిన ఈ సంగతి నాకు మా అమ్మాయే చెప్పింది. ఒక ఇంటర్వ్యూకి ముందు రాత్రి, తన టెన్షన్ తగ్గించుకోవడానికి.

అవన్నీ ఎదురెదురుగా కూర్చుని చేసిన ఇంటర్వ్యూలే. నడక చూశారు, షేక్‌హ్యాండ్ చూశారు, కూర్చున్న తీరు చూశారు. చూసి తప్పు లెక్క వేశారు.

ఒక్క మనిషి ఇష్టాయిష్టాల మీద పిల్లల బతుకు వేలాడకూడదనే కదా, కెనడాలో మెక్‌మాస్టర్ యూనివర్సిటీ వాళ్లు ఎంఎంఐ (మల్టిపుల్ మినీ ఇంటర్వ్యూ) పద్ధతి తయారుచేసి 2004లో ప్రకటించారు. స్టేషన్లనే చిన్న చిన్న ఇంటర్వ్యూలు చాలా ఉంటాయి, ఒక్కోటి కొద్ది నిమిషాలు, ఒక్కో దగ్గర ఒక్కో మనిషి. ఒకాయనకి నచ్చకపోయినా మిగతావాళ్లు ఉంటారు. జూమ్‌లో బ్రేకవుట్ రూముల్లో ఇది చక్కగా నడుస్తుంది. కారిడార్‌లో గంట కొట్టి పిల్లల్ని తలుపు నుంచి తలుపుకి పరుగులు పెట్టించే పని కూడా లేదు.

జూమ్‌లో పోయేదీ ఉంది, లేదనను. నటుల్ని పెట్టి, "ఈయనకి చెడ్డ కబురు చెప్పాలి, ఎలా చెబుతావో చెప్పు" అనే స్టేషన్లు తెర మీద బాగా పలచబడిపోతాయి. ఎదుటివాడి చేతులు వణుకుతున్నాయో లేదో కనబడదు. మౌనంగా ఉండాల్సిన చోట మౌనంగా ఉంటే, అవతలివాళ్లు "నెట్ పోయిందా?" అని అడుగుతారు. ఇది నిజంగా జరిగింది. మా అమ్మాయి ఆ ఏడుస్తున్న "పేషెంట్" ముందు కాసేపు మాట్లాడకుండా ఉంటే, ఆ నటి ఏడుపు ఆపి, "ఆర్ యూ ఫ్రోజెన్?" అని అడిగిందట. ఇద్దరూ నవ్వుకున్నారు, మళ్లీ ఏడుపు అందుకుంది.

మా ఇంటి సోఫా మీద డాక్టర్లు

కోవిడ్‌కి ముందు ఇంటర్వ్యూ సీజన్ అంటే ఏమిటో ఆ పెద్దాయన మరిచిపోయి ఉంటారు. టెక్సాస్ లోపలి కాలేజీలే తీసుకోండి. ప్రభుత్వ మెడికల్ కాలేజీల్లో 90 శాతం సీట్లు ఈ రాష్ట్రం పిల్లలకే కాబట్టి మనవాళ్లు ముందు ఇక్కడే అప్లై చేస్తారు. డల్లాస్ నుంచి లబక్ కారులో అయిదు గంటలు. ఎల్ పాసో అయితే 600 మైళ్ల పైమాట, పొద్దున బయల్దేరితే చీకటి పడ్డాకే చేరతాం. గాల్వెస్టన్ సముద్రం ఒడ్డున, రియో గ్రాండే వ్యాలీ మెక్సికో సరిహద్దున. ఇవన్నీ ఒకే రాష్ట్రం! బయటి రాష్ట్రాలకి వెళ్లాలంటే విమానం, హోటలు, పనిచేసే పిల్లలైతే సెలవులు. ఆ సెలవు ఇచ్చే యజమాని దొరకడం ఇంకో అదృష్టం.

మెడికల్ స్కూల్‌కంటే రెసిడెన్సీ (పట్టా వచ్చాక ఆసుపత్రిలో చేసే శిక్షణ) ఇంటర్వ్యూల్లో ఇది ఇంకా బాగా కనబడుతుంది. ఇండియాలో ఎంబీబీఎస్ చేసిన పిల్లలు అప్పట్లో విజిటర్ వీసా మీద వచ్చి, చలికాలమంతా చుట్టాల ఇళ్లలో ఉండి ఇంటర్వ్యూలకి తిరిగేవాళ్లు. నవంబరు నుంచి జనవరి దాకా మా ఇంటి సోఫా ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. ఒకబ్బాయి ఒకే ఒక్క సూటుతో వచ్చాడు. దాన్ని రాత్రి ఇస్త్రీ చేసి, ప్లాస్టిక్ కవరేసి, హ్యాంగర్‌తోనే బస్సెక్కేవాడు. డెట్రాయిట్‌లో ఇంటర్వ్యూ, ఎల్లుండి న్యూయార్క్‌లో ఇంకొకటి. మధ్యలో మంచు తుఫాను వచ్చి ఒకటి పోయింది. మళ్లీ పిలవండని రాసిన మెయిలుకి జవాబు రాలేదు. వాళ్లు వీసా వచ్చిన అదృష్టవంతులు. వీసా ఆఫీసర్ వద్దంటే ఇంటర్వ్యూ పిలుపులన్నీ ఉండి కూడా హైదరాబాద్ దాటలేనివాళ్లు ఎందరో.

ఇప్పుడు మా పిన్ని మనవరాలు విజయవాడలో తన గదిలోనే కూర్చుని ఇంటర్వ్యూలు చేసింది. తూర్పు తీరం వాళ్లు పొద్దున తొమ్మిదికి మొదలుపెడితే చలికాలంలో అక్కడ రాత్రి ఏడున్నర, పశ్చిమ తీరం అయితే పదిన్నర. ఇన్వర్టర్ ఛార్జింగ్ చూసుకోవడం, ఫోన్ హాట్‌స్పాట్ సిద్ధంగా పెట్టుకోవడం, కింద పోర్షన్‌వాళ్లని టీవీ సౌండు తగ్గించమని బతిమాలుకోవడం, ఇంతే ఖర్చు. సీటొచ్చాక వీసా ఎలాగూ కావాలి. కానీ అడగడానికే వీసా కావాల్సిన రోజులు పోయాయి. మా పెద్దాయన కూడా తన కాలంలో గ్రేహౌండ్ బస్సుల్లో ఊళ్లు తిరిగినవారే. ఆ కథలు ఎంత బాగా చెబుతారో! అందుకే నాకు అర్థం కాదు, ఆ బస్సు ఇంకొకరు ఎక్కాలని ఎందుకు కోరుకుంటున్నారో.

అలాగని జూమ్ వచ్చి అందర్నీ సమానం చేసేసిందనేవాళ్లతోనూ నాకు పేచీయే. ఇంటర్వ్యూ దాకా రావడానికి అయ్యే ఖర్చు చూడండి. మెడికల్ ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్ ఫీజు 300 డాలర్లు దాటిపోయింది. కోచింగ్ అయితే వేలల్లో. అన్ని కాలేజీలకీ ఒకే దరఖాస్తు పెట్టే ఆమ్‌కాస్‌లో మొదటి కాలేజీకి 175, ఆ తర్వాత ప్రతి కాలేజీకీ 40 పైన. ఇరవై కాలేజీలకి పెట్టడం మామూలైపోయింది. ఆ తర్వాత ఒక్కో కాలేజీ విడిగా పంపే సెకండరీలు, వాటికి మళ్లీ వ్యాసాలు, మళ్లీ ఫీజులు. ఇవి డబ్బులు. జీతం లేకుండా ఆసుపత్రిలో వాలంటీర్ గంటలు, డాక్టర్ల వెంట షాడోయింగ్, ల్యాబులో వేసవులు, ఇవి కాలం. ఈ కాలం ఎవరికుంటుంది? ఇంట్లో జీతం తెచ్చిపెట్టాల్సిన అవసరం లేని పిల్లలకి. ఆ వరసంతా దాటొచ్చినవాడికి చివర్లో విమానం టికెట్ మిగిల్చి సమానత్వం అంటే ఎలా?

మనవాళ్లలో ఇంకో రకం ఉన్నారు, వాళ్ల గురించి పార్టీల్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు. తల్లిదండ్రులు హెచ్1 ఉద్యోగ వీసా మీద, పిల్లలు దానికి అనుబంధమైన హెచ్4 మీద. మూడేళ్లప్పుడు వచ్చి ఇక్కడే ఎలిమెంటరీ నుంచి డిగ్రీ దాకా చదివినవాళ్లు. 21 నిండగానే ఆ వీసా చెల్లదు, విదేశీ విద్యార్థి కింద మారాలి. చాలా మెడికల్ కాలేజీలు పౌరసత్వమో గ్రీన్‌కార్డో లేకపోతే అప్లికేషనే చూడవు. మా వీధిలో అలాంటి అబ్బాయి ఉన్నాడు. ఎమ్‌క్యాట్ స్కోరు మా అమ్మాయికంటే మెరుగు. కాలేజీల జాబితా వడపోసుకుంటూ పోతే అతనికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. ఏ తెరా అతని సమస్య తీర్చదు. అప్పు సంగతి కూడా అంతే. 2026 జూలై నుంచి కొత్తగా చేరేవాళ్లకి ఫెడరల్ అప్పు ఏడాదికి 50 వేల డాలర్లకి, మొత్తం మీద 2 లక్షలకి మించకుండా కట్టడి పెట్టారు. మిగతా ఖర్చుకి తీసుకునే గ్రాడ్ ప్లస్ అనే ఫెడరల్ అప్పులు కొత్తవాళ్లకి ఆపేశారు. చాలా ప్రైవేటు కాలేజీల్లో ఆ డబ్బు చాలదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, జూమ్ చేసిన మేలు చిన్నదే. చిన్నదైనా చేతికొచ్చింది. దాన్ని కూడా వెనక్కి ఇచ్చేద్దామంటే నేను ఒప్పుకోను.

ఇల్లే ఇంటర్వ్యూ గది అయినప్పుడు

ఇంట్లోంచి ఇంటర్వ్యూ అంటే ఇల్లంతా ఇంటర్వ్యూకి కూర్చున్నట్టే. మా ఇంట్లో ఖాళీ గోడ కోసం వెతికితే దేవుడి గది పక్క గోడ ఒక్కటే దొరికింది. మా అత్తగారు అప్పుడు ఇక్కడే ఉన్నారు. పొద్దున తొమ్మిదింటికి ఆవిడ లలితా సహస్రనామం. ఆ రోజు మాత్రం కుర్చీ గరాజులో వేయించుకుని, కారుకి ఎదురుగా కూర్చుని చదువుకున్నారు. మా ఆయన మానిటర్ చుట్టూ పసుపు కాగితాలు అంటించారు. "నవ్వు", "నెమ్మదిగా", "కెమెరా వైపు", కుడిపక్కన కాస్త పెద్ద అక్షరాలతో "తాతయ్య".

ఆ తాతయ్య కాగితం వెనక మా ఇంట్లో పెద్ద గొడవే ఉంది. మా మామగారు నరసరావుపేట దగ్గర పల్లెలో గుండెపోటు వచ్చి, ఆసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే ట్రాక్టరు మీద పోయారు. దరఖాస్తుతో పాటు తన గురించి రాసే వ్యాసం, పర్సనల్ స్టేట్‌మెంట్, దీంతోనే మొదలవ్వాలని మా ఆయన పట్టు. ఖాళీలతో కలిపి 5,300 అక్షరాలే ఇస్తారు, అందులో మొదటి పేరా ఇదైతే చదివేవాళ్లు ఆగిపోతారని ఆయన లెక్క. తను పుట్టకముందే పోయిన మనిషి గురించి మా అమ్మాయి ఒక్క వాక్యం కూడా రాయనంది. "అది నీ కథ నాన్నా, నువ్వు డాక్టరవుతావా?" అని అడిగింది. తను రాసింది డయాలసిస్ సెంటర్ గురించి. అక్కడికి వచ్చేవాళ్లు వారానికి మూడుసార్లు, వచ్చినప్పుడల్లా నాలుగేసి గంటలు కుర్చీలోనే ఉండాలి. మా అమ్మాయి వాళ్ల పక్కన కూర్చుని పేపర్‌లో క్రాస్‌వర్డ్ పూర్తిచేసేది. చేసిన పని అంతే. మా ఆయనకి అందులో ఏమీ కనబడలేదు. నిజం చెప్పొద్దూ, నాకూ పెద్దగా కనబడలేదు.

ఇంటర్వ్యూకి కూర్చునే ముందు కాగితాలన్నీ పీకి డ్రాయర్‌లో పడేసింది. అవతల ఒక నడివయసు డాక్టరు. క్రాస్‌వర్డ్ గురించి చెప్పమంటే చెప్పింది. ఆ జవాబు మేం మాక్ ఇంటర్వ్యూల్లో విన్నదే, అక్షరం పొల్లుపోలేదు. ఆయన అక్కడ ఆగలేదు. "ఆ క్రాస్‌వర్డ్ ముసలాయన ఎప్పుడైనా రాకుండా ఉన్నాడా?" అన్నాడు. అది మా ప్రాక్టీసులో లేని ప్రశ్న. ఉన్నాడు, అంది. ఒక మంగళవారం ఆయన కుర్చీలో ఇంకొకరున్నారు. నర్సుని అడిగితే పేషెంట్ల సంగతులు చెప్పకూడదంది. అడగొచ్చో కూడదో నాకే తెలియలేదు, కొత్తగా వచ్చినావిడకి క్రాస్‌వర్డ్ ఇష్టమా అని అడిగాను, అంది. ఆయన ఏదో రాసుకుని, తనకి ట్రైనింగులో జరిగిన ఇలాంటి సంగతే ఒకటి చెప్పాడట. ఆ మంగళవారం సంగతి మా అమ్మాయి మాకు కూడా అంతకుముందు చెప్పలేదు.

అది జూమ్‌లో జరిగిన సంభాషణ. తెర అడ్డు రాలేదు. రెండో ప్రశ్న అడిగే మనిషి ఉన్నాడు, అది చాలింది.

ఇంట్లోంచి అనే సౌకర్యం అందరికీ ఒకేలా ఉండదన్న మాట మాత్రం కాదనలేను. మాకు తెలిసిన కుటుంబం ఒకటుంది, రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్‌లో ఆరుగురు. వాళ్లబ్బాయి ఊరి లైబ్రరీలో స్టడీ రూమ్ బుక్ చేసుకుని ఇంటర్వ్యూ ఇచ్చాడు. అద్దాల గది. బయట చిన్నపిల్లలు అద్దానికి ముక్కు ఆనించి వాడి టై చూసి నవ్వుతున్నారు. గది ఇచ్చేది రెండు గంటలు, ఇంటర్వ్యూ రోజు కార్యక్రమం నాలుగు గంటలు. మధ్యలో లైబ్రేరియన్‌ని బతిమాలుకున్నాడు. పెద్దింటి పిల్లల వెనకాల పుస్తకాల అలమరా, వీడి వెనకాల ఫైర్ ఎగ్జిట్ బోర్డు. దీనికి మందు ఉంది. అందరికీ ఒకే రకం బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చే కాలేజీలున్నాయి. అప్లై చేసినవాళ్లు ఏ కాలేజీలో చదివారో అక్కడే ఒక గది ఇప్పించొచ్చు. ఎల్ పాసో ప్రయాణం కంటే ఇది తేలికే కదా.

ఎర్ర చుక్కతో మాట్లాడటం

ఇక రెండో రకం. లింకు వస్తుంది, మీకు వీలైనప్పుడు తెరవొచ్చంటారు. తెర మీద ప్రశ్న కనబడుతుంది. చదువుకోవడానికి అర నిమిషమో నిమిషమో. తర్వాత మూలన ఎర్ర చుక్క వెలుగుతుంది, గడియారం వెనక్కి తిరగడం మొదలవుతుంది. చెప్పేయాలి. అయిపోయిందా, ఇంకో ప్రశ్న. ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో, ఎన్ని నిమిషాలు చూస్తారో తెలియదు.

మా అమ్మాయి అదే క్రాస్‌వర్డ్ కథ ఇక్కడా చెప్పింది. బ్రహ్మాండంగా చెప్పింది, ఎందుకంటే అప్పటికి బాగా నలిగిన జవాబు. ముసలాయన రాని మంగళవారం గురించి చెప్పలేదు. అడిగేవాళ్లు లేరు. టైము ఇంకా మిగిలి ఉంది, ఆపొచ్చో కూడదో తెలియక ఆ కాసేపూ కెమెరా వైపు నవ్వుతూ కూర్చుంది. బయటికొచ్చి, "అమ్మా, నేను న్యూస్ రీడర్‌లా ఉన్నాను" అంది. రికార్డింగ్‌లో గెలిచేది న్యూస్ రీడర్లే. డబ్బిచ్చి కన్సల్టెంట్ దగ్గర ఆ చిరునవ్వు నేర్చుకున్నవాళ్లే. జూమ్ ఇంటర్వ్యూ వల్ల కోచింగ్ పెరిగిందంటారుగానీ, కోచింగ్‌కి అసలు పంట పండేది ఎదురుప్రశ్న లేని చోట.

ఇంకొక కాలేజీ లింకులో రికార్డింగ్ మధ్యలో ఆగిపోయింది. మనిషి ఉంటే "వినబడటం లేదు, మళ్లీ చెప్పు" అంటాడు. ఇక్కడ మెయిల్ రాస్తే, మీ జవాబు అందింది, ధన్యవాదాలు అని వచ్చింది. ఏది అందిందో దేవుడికెరుక.

ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. ఎమర్జెన్సీ మెడిసిన్ రెసిడెన్సీకి మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ ఇలాంటిదే ఒకటి తెచ్చింది. ఆరు ప్రశ్నలు, చదవడానికి 30 సెకన్లు, చెప్పడానికి మూడు నిమిషాలు. కొన్నేళ్లు నడిపి 2020లో ఆపేసింది. అదే ఏడాది కోవిడ్‌లో మెడికల్ స్కూళ్ల కోసం వీటా పేరుతో మళ్లీ ఆరు ప్రశ్నలే పెట్టింది. అదీ ఎంతో కాలం నిలవలేదు. అయినా వేరే కంపెనీల సాఫ్ట్‌వేర్‌తో కొన్ని కాలేజీలు అదే దారి పడుతున్నాయి. చాలా కాలేజీలు అడిగే, ఇబ్బందికర సందర్భాల్లో ఏం చేస్తావని అడిగే క్యాస్పర్ అనే ఆన్‌లైన్ పరీక్షలో కూడా కొంత భాగం కెమెరాకి చెప్పడమే. చివరికి పిల్లలకి చెప్పేది, రాసినవాళ్లందర్నీ స్కోరు ప్రకారం నాలుగు భాగాలు చేస్తే మీరు ఏ భాగంలో ఉన్నారో అన్నంత వరకే. ఎక్కడ బాగా చెప్పారో, ఎక్కడ తడబడ్డారో చెప్పరు.

రికార్డింగ్‌ని సమర్థించేవాళ్ల వాదన తేలిగ్గా తీసేయదగ్గది కాదు. ఏటా 50 వేల పైన అప్లై చేస్తారు, ఎండీ (ఇక్కడ ఇదే మొదటి డాక్టర్ పట్టా) సీట్లు సుమారు 23 వేలు. ఒక్కో కాలేజీకి వేలల్లో దరఖాస్తులు, మనుషులతో ఇంటర్వ్యూ చేయగలిగేది కొన్ని వందలమందిని. రికార్డింగ్ అయితే ఇంకా ఎక్కువమందికి నోరు విప్పే అవకాశం వస్తుంది, కాగితం మీద వెనకబడ్డవాడికి అది మేలే కదా అంటారు. రాత్రి షిఫ్టు చేసేవాడు పదకొండింటికి ఇంటికొచ్చి రికార్డు చేసుకోవచ్చు. అందరికీ ఒకే ప్రశ్నలు. ఈ మూడోది నన్ను చాలా రోజులు ఆలోచనలో పడేసింది. హ్యూస్టన్ కథ చెప్పి మనిషి ఇష్టాయిష్టాలు నమ్మకూడదన్నది నేనే. మరి ఇప్పుడు మనిషే కావాలంటున్నానేంటి?

ఇక్కడ నా సమాధానం ఒకటే. ఒకే ప్రశ్నలు అడగడానికి, కొలత ఒకటే పెట్టుకోవడానికి మనుషుల్ని తీసేయక్కర్లేదు, ఎంఎంఐ చేస్తున్నది అదే. ఇంటర్వ్యూ కాలేజీకి ఒక్కదానికే కాదు, పిల్లలకీ అవసరం. "మీ దగ్గర మూడో ఏడాది పిల్లలు ఎలా ఉన్నారు?" అని మా అమ్మాయి ప్రతిచోటా అడిగేది. ఒకచోట ఇంటర్వ్యూ చేస్తున్న డాక్టరు నిట్టూర్చి, "అలిసిపోయి ఉన్నారు" అన్నాడట. ఆ ఒక్క మాట విని ఆ కాలేజీని తన జాబితాలో పైకి జరుపుకుంది! అబద్ధం చెప్పలేదని. ఎర్ర చుక్కని ఏం అడుగుతారు? మనుషులు చాలకపోతే రెండో ఏడాది విద్యార్థుల చేత పది నిమిషాలు మాట్లాడించండి. చాలా కాలేజీల్లో విద్యార్థులు ఇప్పటికే ఇంటర్వ్యూలు చేస్తున్నారు. రాత్రి షిఫ్టువాడికి సాయంత్రం స్లాటు ఇవ్వండి.

మార్కులున్నాక మాటలెందుకు

ఇదంతా ఫోన్లో చెబితే తెనాలిలో మా అమ్మ అడిగింది. "అంతా సరేనే, ర్యాంకెంత?" ర్యాంకు లేదమ్మా అన్నాను. "ర్యాంకు లేకుండా సీటెలా ఇస్తారు? మార్కులున్నాక మళ్లీ మాట్లాడేదేముంది?"

మన దగ్గర పుట్టిపెరిగినవాళ్లకి ఈ అనుమానం ఊరికే రాలేదు. ఇంటర్వ్యూ అంటే సిఫారసుకి తలుపు తెరవడమే అని ఒక తరం అనుభవం. 1983లో ఆంధ్రప్రదేశ్‌లో క్యాపిటేషన్ ఫీజు మీద చట్టం చేయాల్సొచ్చింది. ఇండియాలో మెడికల్ ప్రవేశ పరీక్ష నీట్ ఒక్కరోజు పరీక్షే అయినా అక్కడ ఎవరూ తాతయ్య చావు కథ అడగరు. ఆ గౌరవం నాకు నచ్చుతుంది. అయితే 2024లో ముందు ప్రకటించిన ఫలితాల్లో 67 మందికి 720కి 720 వచ్చాయి, పేపర్ లీకు గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మనిషి జోక్యం లేనంత మాత్రాన అనుమానం లేకుండా పోదని తేలిపోయింది.

ఇండియాలో కూడా ఇంటర్వ్యూ పెట్టి మంచి పేరు తెచ్చుకున్న కాలేజీ ఒకటుండేది. వెల్లూరు సీఎంసీలో రాతపరీక్ష తర్వాత పిల్లల్ని కొన్ని రోజులు అక్కడే ఉంచుకుని, పనులు చెప్పి, మాట్లాడి ఎంచుకునేవాళ్లు. 2017లో నీట్ ద్వారానే తీసుకోవాలంటే వంద సీట్లలో ఒక్కటి మాత్రం నింపి మిగతావి వదిలేసుకున్నారు. 2020లో సుప్రీంకోర్టు మైనారిటీ సంస్థలకీ నీట్ వర్తిస్తుందని తేల్చేసింది. వెల్లూరు పద్ధతి పోవడం నాకు బాధే. రోజుల తరబడి మనుషుల్ని చూసే ఓపిక ఉన్నచోట నేను జూమ్ పెట్టమని అనను. ఇక్కడ జరిగేది అది కాదు కదా. అరగంట మాటలకి 600 మైళ్లు రమ్మనడం.

ఇప్పుడు కొన్ని కాలేజీలు నేరుగా రమ్మంటున్నాయి, కొన్ని జూమ్‌లోనే ఉన్నాయి. నన్ను అన్నిటికంటే భయపెట్టేది మూడో రకం. "రావడం మీ ఇష్టం, రాకపోయినా తేడా ఉండదు" అనేవాళ్లు. తేడా ఉండదని నమ్మే తల్లిదండ్రులు నాకు ఒక్కరూ కనబడలేదు. డబ్బున్న ప్రతి ఇల్లూ టికెట్ కొంటుంది. లేని ఇంట్లో పిల్ల తెర ముందు కూర్చుని, మిగతావాళ్లు అక్కడ చేతులు కలుపుతున్నారేమో అనుకుంటూ జవాబులు చెబుతుంది. ఇంటర్వ్యూ అందరికీ జూమ్ అనాలి, లేదా అందరూ రావాలని చెప్పి ఖర్చు భరించాలి.

జూమ్ వల్ల మంచి స్కోర్లున్న పిల్లలు వచ్చిన ప్రతి పిలుపూ అందుకుని, ఇంటర్వ్యూలు పోగేసుకుంటున్నారన్న ఫిర్యాదు నిజమే. టికెట్ ఖర్చు ఉన్నప్పుడు కొన్ని వదులుకునేవాళ్లు. దానికి కాలేజీలు పిలుపుల లెక్క మార్చుకోవచ్చు, పిల్లలకి వద్దనుకున్నవి తొందరగా వదిలేసే గడువు పెట్టొచ్చు. బస్సు టికెట్టుని జల్లెడగా వాడటం మాత్రం వద్దు.

కాలేజీ చూడాలి, ఊరు చూడాలి, అక్కడ నాలుగేళ్లు బతకగలనా అని తేల్చుకోవాలి అన్నది న్యాయమైన కోరికే. దానికి సెకండ్ లుక్ ఉంది. ఏప్రిల్ 30 లోపు ఎండీ కాలేజీల్లో ఒక్కదాన్ని ఎంచుకోవాలి కాబట్టి ఆఫర్లు ఇచ్చినవాళ్లని మార్చి, ఏప్రిల్‌లో పిలిచి చూపిస్తారు. అప్పటికి సీటు చేతిలో ఉంటుంది, ఎవరి నడకా ఎవరూ చూడరు, పిల్లలే కాలేజీ నడక చూస్తారు. టికెట్ కొనలేనివాళ్లకి కొన్ని కాలేజీలు డబ్బు ఇస్తున్నాయి. మిగతావి కూడా ఇవ్వాలి. ఈ మే నెలలో అప్లికేషన్ తెరుస్తున్న ఇళ్లవాళ్లు, అడ్మిషన్ ఆఫీసులకి రాసేటప్పుడు ఈ రెండు ప్రశ్నలూ అడగండి. సెకండ్ లుక్‌కి సాయం ఉందా? మీ ఇంటర్వ్యూలో అవతల మనిషి ఉంటారా?